హోగన్ల పొలం దగ్గర ఆగిన టాక్సీ

కోవిడ్ తగ్గిన మరుసటి వేసవి. ఐర్లండ్‌లో క్లేర్ కౌంటీలోని ఎన్నిస్ పట్నంలో నేను టాక్సీ నడుపుతున్న రోజులు. ఇప్పుడు మానేశాను. రాయడం ఇదే మొదలు, తప్పులుంటే సర్దుకోండి.

ఆ రోజు ప్యాసింజరు డోరతీ ఆంటీ. గుంతకల్లు రైల్వే కాలనీలో పుట్టిన ఆంగ్లో ఇండియన్. కంపెనీ దొరల కాలంలో మద్రాసు వైపు సిపాయిగా వచ్చి అక్కడే ఉండిపోయిన హోగన్ అనే ఐరిష్ వాడి వంశం. అతను పుట్టిన పల్లె ఏదో, వాళ్ల పొలం ఎక్కడో ఇక్కడి లైబ్రరీలో కనుక్కుంది. మర్నాడే ఆమె విమానం.

"డెబ్భై దాటినాయి మ్యాన్ నాకు. ఆడేమో మీది ఐర్లండ్ అంటారు. ఈడేమో ఇండియా అంటారు. మావాళ్ల ఇల్లు ఒకటి కండ్ల చూస్తే చాలు" అంది.

ఆ పొలానికి వెళ్లే సందు ఒక్క కారు పట్టేంత ఉంది. అలాంటి చోట డ్రైవర్లం కారు ముందే తిప్పి, ముక్కు రోడ్డు వైపు పెట్టి ఆపుతాం. నేనూ అలాగే ఆపాను. ఇంజను నడుస్తూనే ఉంది. ఆంటీ దిగి గేటుకు, రాతి గోడలకు, పశువుల కొట్టానికి ఫోటోలు తీస్తోంది. ఆ మధ్య అక్కడి పొలాల్లో సామాన్లు దొంగలు పట్టుకుపోతున్నారు. చూసేవాళ్లకు మా వాలకం ఎలా ఉంటుందో నాకు తట్టలేదు.

ఒక ట్రాక్టరు వచ్చి మా కారు ముందు అడ్డంగా ఆగింది. రైతు దిగాడు. యాభై ఏళ్లుంటాయి, పేరు మైకేల్ అని తర్వాత తెలిసింది. కారు నంబరు ఫోటో తీసుకుని, "దారి తప్పారా?" అని మెత్తగా అడిగాడు. ఇక్కడివాళ్లు అంత మెత్తగా అడిగారంటే కోపంగా ఉన్నట్టే.

"వీని ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాలే. ఏమంటాడు మ్యాన్?"

"మనల్ని దొంగలనుకుంటున్నాడు ఆంటీ."

"నన్నా? గుంతకల్లులో దొరసాని అనేటోళ్లు నన్ను!"

మా తెలుగు విని అతని మొహం ఇంకా బిగిసింది. ఇంగ్లీషులో మాట్లాడమన్నాడు. గార్డులకు, అంటే పోలీసులకు, ఫోన్ చేశానన్నాడు.

ప్యాసింజరు గొడవలో డ్రైవరు తలదూర్చకూడదు. అయినా ఇంజను ఆపి, తాళం కారు పైన పెట్టి, చేతులు కనపడేలా నిలబడ్డాను. ముందు మీ పేరు చెప్పండి ఆంటీ అన్నాను. ఆమె చెప్పింది. హోగన్ అన్న పేరు వింటే అతను తేలికపడతాడనుకున్నాను. కానీ అతను పాలిపోయాడు. పొలం కోసం ఏ లాయరు పంపాడని అడిగాడు.

ఇంతలో అతని ముసలి తల్లి, నోరా, నడకకు ఊతంగా వాకర్ పట్టుకుని వాళ్లింట్లోంచి బయటికొచ్చింది. "సిపాయిగా పోయినాయన తాలూకా?" అంది. ఆంటీ అవునంది.

"అమ్మా, లోపలికెళ్లు" అన్నాడు మైకేల్. ఆవిడ వెళ్లలేదు. మొత్తం చెప్పింది. సిపాయి వెళ్లిన చాలా ఏళ్లకు, కౌలు కట్టలేదని భూస్వామి ఇక్కడ మిగిలిన హోగన్లను వెళ్లగొట్టాడు. ఆ పొలం ఎవరూ ముట్టుకోకూడదని ఊరంతా అనుకుంటే, తన మామగారి తాత తీసుకున్నాడు. ఈ దేశంలో అలా పొలం పట్టినవాడి పేరును ఊరు తరాలపాటు మరచిపోదు. మైకేల్ తలెత్తలేదు.

 పొలం తనకక్కర్లేదని, హోగన్ల ఇల్లు ఎక్కడని ఆంటీ అడిగింది. ఆ ఇల్లు లేదు. కూలగొట్టి, ఆ రాళ్లతోనే కొట్టం కట్టారట.

మైకేల్ గేటు తీశాడు. "ఆవులున్నాయి, నెమ్మదిగా" అన్నాడు. ఆంటీ కొట్టం గోడకు అరచెయ్యి ఆనించి నిలబడింది. ఫోటో తీయలేదు. గార్డులు వచ్చేసరికి మైకేలే ఎదురెళ్లి, అంతా గ్రాండ్, అంటే ఏం ఫర్వాలేదని, చెప్పి పంపేశాడు. మమ్మల్ని మాత్రం టీకి పిలవలేదు.

తిరుగు దారిలో ఆంటీ ఒక్కసారే నోరు విప్పింది. "చూడు మ్యాన్, దొంగ అన్నాడు నన్ను!"

ఆ తర్వాత అలాంటి ప్యాసింజర్లు వస్తే ముందే ఇంటిపేరు, పొలం పేరు అడిగి, ఆ ఊరివాళ్లెవరి చేతనైనా ఆ పొలంవాళ్లకు ఫోన్ చేయించేవాణ్ణి. వంశం వెతికేవాళ్లు ఇల్లు చూడ్డానికే వస్తారు. అక్కడున్నవాళ్లకు అది సంజాయిషీ అడగడంలా ఉంటుంది. వాళ్లు వద్దంటే ప్యాసింజరుకు ఆ మాటే చెప్పి, కారు తీసేవాణ్ణి కాదు.