ఇందు లెక్కలు, టీచరమ్మమ్మ, నేను

నిన్న ఉదయం పక్క డాబా మీద ఎండుమిరపకాయలు పోశారు. మా చిలకలూరిపేటలో చలి తగ్గాక ఏ డాబా చూసినా ఎర్రగానే ఉంటుంది కాబట్టి అందులో వింతేమీ లేదు. కానీ ఎండ కాస్త ముదిరి, గాలి ఇటు తిరిగి, ఆ ఘాటు వంటింటి కిటికీలోంచి గుప్పున లోపలికి వచ్చేసరికి ముందు తుమ్ము వచ్చింది, ఆ వెంటనే సువార్తమ్మ గారు గుర్తొచ్చారు. స్టవ్ కట్టేసి అక్కడే నిలబడిపోయాను. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఇన్నాళ్లకు ఆవిడ గురించి రాయాలనిపించింది.

ఆవిడ మా ఇంటి కింది వాటాలో ఉండేవారు. ఇల్లు ఆవిడదే, పైన అద్దెకున్నది మేము. మిషన్ స్కూల్లో ఉద్యోగంలో చేరిన రోజు నుంచి రిటైరైన రోజు దాకా ఒకటో తరగతికే పాఠం చెప్పారు. పై తరగతులకు వెళ్లమని ఎందరు చెప్పినా వినలేదట. పెళ్లి చేసుకోలేదు. గొంతు ఎంత పెద్దదంటే, ఆదివారం పక్క వీధి చర్చిలో అందరూ కలిసి పాడుతున్నా మా మేడ మీదికి ఆవిడ గొంతు విడిగా వినిపించేది. ఆంటీ అంటే ఒప్పుకునేవారు కాదు. "నేనెవరికీ ఆంటీని కాదమ్మాయ్, టీచర్ని" అనేవారు. మా ఇందు మాత్రం అటు టీచరనీ ఇటు అమ్మమ్మనీ కలిపి "టీచరమ్మమ్మ" అని పిలిచేది. ఆ పిలుపుకు ఆవిడ మొహం వెలిగిపోయేది. నాకు మాత్రం ఆ వెలుగు చూసినప్పుడల్లా ఎక్కడో చుర్రుమనేది. నన్ను మార్చిన మనుషుల్లో ఆవిడను ముందు చెప్పుకుంటాను. అయినా ఆవిడతో నా పరిచయంలో ఎక్కువ భాగం అసూయే.

నేను గుంటూరులో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. లెక్కల పేరెత్తితేనే చేతులు చల్లబడిపోయే పిల్లల్ని చూసి చూసి విసిగి మానేశాను. అప్పటికి ఇందుకు నాలుగేళ్లు నిండలేదు. దానికేమో లెక్కలంటే ఆకలి. మెట్లు ఎక్కుతూ లెక్కపెట్టేది, దిగుతూ వెనక్కి లెక్కపెట్టేది. చపాతీ సగం చేసిస్తే, ఆ సగాన్ని మళ్లీ సగం చేయమనేది. ఒకరోజు స్నానం చేయిస్తుంటే, "అమ్మా, సున్నాకి ముందేముంటుంది?" అని అడిగింది. సబ్బు చేతులతో దాన్ని ముద్దు పెట్టేసుకున్నాను. ఈ పిల్లను ఏ బడికీ పంపను, ఒకటో తరగతి దాకా నేనే చెప్పుకుంటాను అని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

మా ఆయన రమణ పత్తి జిన్నింగ్ మిల్లులో మేనేజరు. ఆ మాట చెబితే నవ్వి, "దానికింకా పాలపళ్లే ఊడలేదు, అప్పుడే సిలబస్ ఏంటి అనూ?" అన్నాడు. నేను మాత్రం నిజంగానే సిలబస్ వెతకడంలో పడ్డాను. ఇంటి దగ్గరే పిల్లలకు చెప్పుకునే తల్లుల వాట్సాప్ గ్రూపులో చేరాను. వాళ్లంతా ఏదో ఒక పద్ధతి గురించి తెగ వాదించుకునేవారు. ఒకదాంట్లో రోజుకో పేజీ రాయించాలి, రాసిన పేజీకి ఒక నక్షత్రం అతికించాలి. ఇంకోదాంట్లో చెక్క పుల్లలు, ఒక్కో పొడవుకు ఒక్కో రంగు. మూడోదాంట్లో అసలు రాయడమే లేదు, అన్నీ కథలూ ఆటలూ. ఆ గ్రూపులో హైదరాబాదు నుంచి ఒకావిడ తన కొడుకు ఎక్కాలు అప్పజెప్పే వీడియోలు పెట్టేది. వాడిదీ ఇందు వయసే. ఆ వీడియో చూసినప్పుడల్లా ఇంకో పద్ధతి వెతికేదాన్ని. చివరికి చెక్క పుల్లల పెట్టె కూడా కొన్నాను గానీ, మొదలుపెట్టింది రోజుకో పేజీ పుస్తకంతోనే. అట్ట మీద "చురుకైన పిల్లలకు ఏడాది ముందుగా" అని ఉంది. ఆ "ముందుగా" అన్న మాట నన్ను పట్టేసింది.

మొదట్లో ఇందు ఎగిరి గంతేసింది. తర్వాత ఐదు అంకె వచ్చింది. పొట్ట అటు తిప్పాల్సింది ఇటు తిప్పింది. చెరిపించాను. మళ్లీ రాసింది, మళ్లీ చెరిపించాను. కాగితం చిరిగింది. "నాకు లెక్కలు రావు" అని పెన్సిలు విసిరికొట్టింది. ఆ మాట కాలేజీలో పిల్లల నోట ఎన్నిసార్లు విన్నానో. దాని నోట వినేసరికి నా చేతులు చల్లబడ్డాయి. తేరుకుని చూసేలోపు అది మెట్లు దిగి కిందికి వెళ్లిపోయింది.

కాసేపాగి వెనకే వెళ్లాను. సువార్తమ్మ గారు ఏడాదికి సరిపడా కారం కొట్టించుకోవడానికి గుమ్మం ముందు చాప పరిచి, మిరపకాయలు పోసుకుని తొడిమలు తీస్తున్నారు. ఇందు చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడిగి, మణికట్ల దగ్గర రిబ్బనుతో కట్టారు. రంగు పోయి తెల్లబడ్డ తాలు కాయల్ని అది ఏరి పక్కన పెడుతోంది.

"లెక్కపెట్టకుండా చెప్పవే. ఈ కుప్పలో ఎక్కువున్నాయా, ఆ కుప్పలోనా?"

"ఆ కుప్పలో!"

"అట్టా ఎట్టా చెప్పావ్? ఇదేగా ఎత్తుగా ఉంది."

ఇందు తల వంచి రెంటినీ చూసింది. "ఇది ఎత్తుగా ఉంది. కానీ అది వెడల్పుగా పడుకుంది."

ఆవిడ పగలబడి నవ్వారు. ఇందూ నవ్వింది. ఇంతకు ముందే నా దగ్గర పెన్సిలు విసిరికొట్టిన పిల్ల ఇదేనా అనిపించింది. "ఇందూ, పైకి రా, లెక్కలు చేసుకుందాం" అన్నాను. "నేను రాను, ఇక్కడ ఆడుకుంటున్నా" అంది, నా వైపు తిరగకుండానే. సువార్తమ్మ గారు తలెత్తి చూశారు. "ఏమ్మాయ్, కళ్లు మండుతున్నాయా? ఎదురుగాలికి నిలబడ్డావ్, ఇటు రా" అన్నారు. మండుతున్నది మిరపకాయల వల్ల కాదని ఎలా చెప్పను? నేను పీజీ చదివింది లెక్కలే. నా కడుపున పుట్టిన పిల్ల లెక్కలు నేర్చుకోవడానికి కిందింటికి వెళ్లాలా?

అప్పటి నుంచి అది రోజూ కిందికే. సాయంత్రం వచ్చి "టీచరమ్మమ్మ ఇట్టా చెప్పింది, అట్టా చెప్పింది" అని ఊపిరి తిప్పుకోకుండా చెబుతుంటే నేను గిన్నెలు గట్టిగా తోమేదాన్ని. చివరికి ఒకరోజు ఉండబట్టలేక దిగి వెళ్లాను.

"టీచర్ గారూ, ఏమీ అనుకోకండి. నేనో పద్ధతి ప్రకారం చెబుతున్నాను. మీరొకటి, నేనొకటి చెబితే పిల్ల గందరగోళ పడుతుంది. దానికి లెక్కలు చెప్పకండి."

ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "నేనేం చెప్పలేదమ్మాయ్. అది అడుగుతోంది, నేను పలుకుతున్నా. అయినా నీ బిడ్డ, నీ ఇష్టం. అంకె ఎత్తితే మీ అమ్మనడుగు అంటా, సరేనా?" అన్నారు. గొంతు పెంచలేదు. ఆ పెద్ద గొంతు అంత చిన్నగా పలకడం నేను వినడం అదే మొదలు.

అన్నట్టే చేశారు. ఇందు కిందికి వెళ్లడం, వెంటనే పైకి రావడం, "నిన్నడగమంది" అని చెప్పడం. మొదట్లో నాకు లోపల సంతోషంగానే ఉంది. అయితే అది నన్ను ఏమీ అడగలేదు. మెట్లు ఊరికే ఎక్కింది, ఊరికే దిగింది. చపాతీ ఎన్ని ముక్కలు చేసినా పట్టించుకోలేదు. పుస్తకం తెరిస్తే బుద్ధిగా కూర్చుని పేజీ పూర్తి చేసి నక్షత్రం అతికించుకునేది. దాని మొహంలో ఏమీ ఉండేది కాదు. పుస్తకంలో పేజీలు ముందుకు పోతున్నాయి, పిల్ల మాత్రం ఎక్కడో ఆగిపోయింది. ఒకరోజు రమణ, "ఇందు మాట్లాడటం తగ్గించిందేంటి?" అన్నాడు. అంతే, పుస్తకమూ చెక్క పుల్లల పెట్టే రెండూ చంకన పెట్టుకుని కిందికి దిగాను.

సువార్తమ్మ గారు నన్ను లోపలికి రమ్మన్నారు. టీ పెట్టి ఇచ్చి, పెట్టె మూత తీసి పుల్లల్ని చాప మీద పోశారు. ఆ తర్వాత నేనక్కడ ఉన్న సంగతే మర్చిపోయారు. పొట్టివి రెండు కలిపి పొడుగుదాని పక్కన పెట్టి చూడటం, తీయడం, మళ్లీ పెట్టడం. "ఇన్నేళ్లూ నేను చింతపిక్కలతో కుస్తీ పట్టా. ఇయ్యి నా చేతిలో ఉంటే ఆ పిల్లల్ని ఎక్కడికి తీసుకుపోయేదాన్నో" అన్నారు. ఆ గొంతులో అక్కసు నాకు స్పష్టంగా వినిపించింది. తర్వాత పుస్తకం తిరగేశారు. ఇది పనికిరాదని అంటారనుకున్నాను.

"పుస్తకం మంచిదే అమ్మాయ్. ఎవరో ఆలోచించే రాశారు. పిల్లకి బుర్ర ముందు పరిగెత్తుతోంది, వేళ్లు ఇంకా అందుకోలేదు. వేళ్ల కోసం బుర్రని ఆపుతావా? దాన్ని చెప్పమను, నువ్వు రాయి. రాయడం దాని టైముకి అదే వస్తది."

చేతులెత్తి దణ్ణం పెట్టాలనీ అనిపించింది, ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదని ఏడవాలనీ అనిపించింది. అప్పుడే ఆవిడ, "నాకూ ఒకటి చెప్పు. సున్నాకి ముందు ఏముంటదని అడిగింది నీ కూతురు. ఆ ప్రశ్న స్కూల్లో ఎవరడిగినా పెద్ద క్లాసులో చెప్తార్లే, కూర్చో అనేదాన్ని. ఇంత పిల్లకి ఎట్టా చెప్పాలో నాకు చేతకాలా. నువ్వు చెప్పు, నేనూ వింటా" అన్నారు. ఇందును పిలిచాను. వాకిట్లో నిలబెట్టి, నేలను సున్నా అనుకోమన్నాను. పైకి మెట్లున్నాయి, మరి నీళ్ల సంపులోకి దిగడానికీ మెట్లున్నాయి కదా, వాటికి ఏం పేర్లు పెడదాం అని అడిగాను. అది సంపు మూత వైపు చూసి, "కింద ఒకటి, కింద రెండు" అంది. సువార్తమ్మ గారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

ఇందు మళ్లీ ఆటలో పడ్డాక నా నోట ఆ మాట వచ్చేసింది. "అది మీ దగ్గర నవ్వుతుంటే నాకు కుళ్లుగా ఉంటుందండీ."

"తెలుసులే" అన్నారు ఆవిడ. "నాకుండదనుకున్నావా? అన్నేళ్లు ఒకటో తరగతి చెప్పా. నా దగ్గర నేర్చుకున్న ప్రతి ముక్కా సాయంత్రం గంట కొట్టగానే ఎత్తుకుపోయి అమ్మకి చూపించుకునేవాళ్లు. గేటు దగ్గర ఆ అమ్మల్ని చూస్తే ఒళ్లు మండేది. నీ కూతురూ అంతేగా! నా దగ్గర ఏది కనిపెట్టినా, అమ్మకి చెప్పొస్తానని మెట్లెక్కి పారిపోతది."

అది నా దగ్గరికి పరిగెత్తుకొచ్చిన సాయంత్రాలన్నీ అప్పుడు కొత్తగా కనిపించాయి. నేను గిన్నెలు తోముతూ వినని కబుర్ల కోసం కింద ఒక మనిషి ఈర్ష్య పడుతూ కూర్చుందన్నమాట.

ఆ తర్వాత పొద్దున పైన, మధ్యాహ్నం కింద అని పంచుకున్నాం. నా అసూయ పోయిందని చెప్పను. పుల్లలతో ఏదైనా కొత్తది కట్టినప్పుడు ఇందు ముందు కిందికే పరిగెత్తేది, నాకు చుర్రుమనేది. ఎప్పుడైనా ముందు నాకు చూపిస్తే కింద నుంచి, "అయితే నాకు ఎంగిలి లెక్కలా?" అని గొంతు వచ్చేది. ఇద్దరం ఒకరినొకరం దెప్పుకుంటూ ఆ పిల్లను పెంచాం. ఏ పద్ధతి మంచిదన్న వాదన గ్రూపులో ఇంకా నడుస్తూనే ఉంది. నేను చూడటం మానేశాను.

ఇందు ఒకటో తరగతిలో చేరిన ఏడాదే ఆవిడ జ్వరమని ఆసుపత్రిలో చేరి, మళ్లీ ఇంటికి రాలేదు. సమాధుల తోటలో నిలబడటానికి చోటు లేదు. లారీ డ్రైవరు, బ్యాంకు ఆఫీసరు, యూనిఫాంలోనే వచ్చిన మహిళా కానిస్టేబులు, పక్కవాళ్లకు అందరూ చెబుతున్నది ఒకటే మాట: "నాకు ఒకటో తరగతి ఈవిడే చెప్పారు." ఇందు నా చెయ్యి విదిలించుకుని వాళ్ల మధ్యకు వెళ్లి, "నాక్కూడా" అంది. అందరూ దాన్ని దగ్గరికి తీసుకున్నారు. నేను ఒక్కదాన్నే ఇవతల మిగిలాను. అన్నాళ్లూ నా కూతురు ఆవిడకు దక్కిందని కుళ్లుకున్నాను. ఆ రోజు ఆవిడ నా కూతురికి దక్కినందుకు, నాలుగేళ్ల వయసులో నాకు దక్కనందుకు గుండె మండింది. నాకు లెక్కలు బెత్తంతో వచ్చాయి.

ఆవిడ తమ్ముడి కూతురు మమ్మల్ని ఖాళీ చేయించలేదు. కింది ముందు గది వాడుకోమంది. సాయంత్రాలు మా వీధి చిన్నపిల్లలు అక్కడికి వస్తారు. వాళ్లు చెబుతారు, నేను రాస్తాను. మొన్న ఆ పిల్లల్లో ఒకదాని తల్లి షకీలా గారు గుమ్మంలోకి వచ్చి, "రేష్మా, ఇంక చాలు, ఇంటికి రా" అని పిలిచారు. రేష్మ తలైనా తిప్పకుండా, "నేను రాను, మిస్ దగ్గరుంటా" అంది. ఆవిడ పెదవులు నవ్వుతున్నాయి గానీ కళ్లు నవ్వడం లేదు. ఆ మొహాన్ని నేను గుర్తుపట్టాను.

"లోపలికి వచ్చి కూర్చోండి షకీలా గారూ. ఇది ఏదో కనిపెట్టింది గానీ నాకు సరిగ్గా చెప్పడం లేదు. మీకైతే చెబుతుందేమో అడగండి" అన్నాను.

ఆవిడ మొహమాటపడుతూ చాప మీద కూర్చున్నారు. రేష్మ పుల్లలన్నీ పోగుచేసుకుని తల్లి ఒళ్లోకి ఎక్కేసింది. నాకు వీపు పెట్టి, తల్లి చెవిలో గుసగుసగా, ఎంతో వివరంగా, నాకు చెప్పనిదంతా చెప్పడం మొదలుపెట్టింది. నాకు లోపల కలుక్కుమంది. ఫ్యాను కాస్త పెంచి, వాళ్లకు అడ్డం లేకుండా గోడ పక్కకు జరిగి కూర్చున్నాను.