అత్తయ్యతోనే మామయ్య రెండో పెళ్ళి

మొన్న మిర్యాలగూడలో మా చెల్లెలి మనవరాలి పెళ్ళికి వెళ్ళాను. పోకపోతే మాట వస్తుంది, పోతే నడుము పోతుంది. ఈ వయసులో పెళ్ళిళ్ళన్నీ ఇంతే. ఫంక్షన్ హాల్లో బొట్టులేని ఆడవాళ్ళం నలుగురం ఎవరూ చెప్పకుండానే వెనక వరసలో ఒకచోట చేరాం. అంతలో ఫోటోలు తీసే డ్రోను రొద చేస్తూ నెత్తిమీదికి వచ్చింది. పిల్లలు దానికి చేతులూపారు. నాకు మాత్రం మా మేనమామ గుర్తొచ్చాడు. పైన ఏది మోగినా తల వంచుకుని, అది పోయిందాకా చేతిలో ముద్ద చేతిలోనే పెట్టుకుని కూర్చునేవాడు పాపం.

మామయ్య పెద్ద యుద్ధంలో విమానం నడిపాడు. సూర్యాపేటలో పట్వారీల ఇంట, ఎడ్లబండి ఎక్కితేనే కళ్ళు తిరిగే మా వంశంలో ఇట్లాంటివాడు ఎట్లా పుట్టాడో అమ్మమ్మకు చివరిదాకా అర్థం కాలేదు. చదువుకొమ్మని హైదరాబాదు పంపితే విమానం నేర్చుకుని, పెళ్ళయిన కొన్నాళ్ళకే బర్మా మీదికి పోయాడు. ఒక్కడే కూర్చునే యుద్ధవిమానమట. తోడు లేకుండా అంత పైన ఏం చేస్తాడోనని అమ్మమ్మ బెంగ. యుద్ధం చివరి రోజుల్లో ఆ విమానం కూలింది, మనిషి కనబడటం లేదని తంతి వచ్చింది. యుద్ధం ముగిసి అందరూ ఇళ్ళకు చేరారు, ఆయన రాలేదు. ఇగ లాభం లేదని పెద్దలు మోదుగాకులతో మనిషి బొమ్మ చేసి దహనం చేశారు. అత్తయ్యకు అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా లేవు. పరాయి చేతులు పడితే పిల్ల తట్టుకోలేదని అమ్మమ్మే తన చేత్తో కోడలి బొట్టు తుడిచింది. ఆ రోజు నుంచి అత్తయ్య అమ్మమ్మతో మాట్లాడటం మానేసింది. చెప్పిన పని చేసేది, పెట్టింది తినేది, అంతే.

ఆ తర్వాత వచ్చిన ఎండాకాలంలోనే మామయ్య బెజవాడ బస్సు దిగి, సంచి భుజాన వేసుకుని నడుచుకుంటూ వచ్చాడు. జ్వరంతో ఏవేవో దవాఖానల్లో పడి ఉన్నాడట. బతికున్నాడన్న కబురు మాకు చేరనేలేదు. అమ్మమ్మ గడప దాకా పరుగెత్తి అక్కడే ఆగిపోయింది. కర్మ చేసేసిన మనిషిని ఇంట్లోకి రానివ్వరు. కన్నకొడుకు వాకిట్లో నిలబడి ఉంటే తాకలేక, ద్వారబంధం పట్టుకుని ఏడ్చింది. కోదాడ నుంచి పురోహితుణ్ణి పిలిపించిందాకా మామయ్య పశువుల కొట్టంలోనే ఉన్నాడు. మా అమ్మ, అంటే ఆయన అక్క, గొడవకు దిగబోతే ఆయనే ఆపాడు.

"కొట్టం మంచిగనే ఉన్నదక్కా. జర పండనీయి."

పురోహితుడు వచ్చి, ఈ మనిషి మళ్ళీ పుట్టాలి, తన భార్యనే మళ్ళీ పెళ్ళాడాలి, అప్పుడే లోపలికి రావాలి అన్నాడు. శత్రువులకు దొరకని మనిషి మావాళ్ళకు బాగా దొరికాడు. ఒళ్ళంతా నెయ్యి పూసి నీళ్ళు పోశారు, నాలుక మీద తేనె రాశారు, చెవిలో పాత పేరే కొత్తగా చెప్పారు. మీసాలున్న తమ్ముడికి జోలపాట మొదలుపెట్టి మా అమ్మ సగంలో నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. మామయ్య దేనికీ కాదనలేదు. అంత అలసిపోయిన మనిషిని పుట్టమన్నా పుడతాడు, పొమ్మన్నా పోతాడు.

చిక్కంతా పెళ్ళినాడు వచ్చింది. ముత్తయిదువలు కుంకుమ భరిణె తెస్తే అత్తయ్య మొహం తిప్పుకుంది.

"తుడిచిన చేత్తోనే పెట్టాలె. లేకుంటే నాకీ పెండ్లి వద్దు," అంది వాళ్ళతో.

అమ్మమ్మ చేతులు రెండూ కొంగులో దాచుకుంది. తాతయ్య పోయినప్పటి నుంచి ఆమె శుభకార్యంలో కుంకుమ ముట్టి ఎరగదు.

"నా చెయ్యి మంచిది గాదు బిడ్డా. నేను పెడితే వాడు మళ్ళ పోతడు."

పురోహితుడు కూడా "అది ఆచారం కాదండి" అన్నాడు. అత్తయ్య పీటల మీంచి లేచింది. ఆమె లోపలికి పోతే ఇగ మామయ్యకు ఆ ఇల్లూ లేదు, ఆమే లేదు.

అప్పుడు మామయ్య నోరు విప్పాడు. అంతకుముందు యుద్ధం సంగతి ఎవరడిగినా "ఎగిరింది తక్కువ, నడిచింది ఎక్కువ" అని ఊరుకునేవాడు.

"అమ్మా, విమానం కూలినకాడ బియ్యం మిల్లుల మన తెలుగోళ్ళు కూలికి పోయి ఉన్నరు. ఒకామె నన్ను గుడిసెల దాచింది. నేను బస్తాలు మోసిన. జపాను సిపాయిలు మన బాస తెలిసినోన్ని ఎంటబెట్టుకొని వచ్చి, వీడెవడని అడిగిండ్రు. ఆమె లోపలికి పోయి బొట్టు పెట్టుకొని వచ్చి, నా మొగుడు అన్నది. ఆమె మొగుడు పోయి అప్పటికే ఏడాది. ఆ చెయ్యి మంచిది గాకుంటే నేనీడ ఎట్ల కూసుంట?"

మెల్లగా అమ్మమ్మ చెయ్యి కొంగులోంచి బయటికి వచ్చింది. అలవాటు తప్పిన వేలితో కోడలి నొసట కుంకుమ పెట్టింది.

"వంకర పోయిందత్తా. సక్కగ పెట్టు," అంది అత్తయ్య. అన్ని నెలల తర్వాత అమ్మమ్మతో అన్న మొదటి మాట అది. అమ్మమ్మ ఆ వేలు ఆ పూటంతా కడుక్కోలేదు.

మామయ్య మళ్ళీ విమానం ఎక్కలేదు. మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లులో గుమాస్తాగా చేరి, మిల్లు మోతలోనే కాస్త నిద్ర పడుతుందని పక్కనే ఇల్లు కిరాయికి తీసుకున్నాడు. ముసలివాడై, నిద్రలోనే పోయాడు. అమ్మమ్మ పోయి అప్పటికే చాలా ఏళ్ళు. పదో రోజున ఆడవాళ్ళు బొట్టు తీసేయడానికి వస్తే, అత్తయ్య కూర్చున్న చోటు నుంచి కదలకుండా అంది.

"ఇది మా అత్త పెట్టింది. ఆమె వస్తే తుడవనిస్త. మీరు జరుగుండ్రి."

అమ్మమ్మ ఎక్కడి నుంచి వస్తుంది? ఏళ్ళు మాత్రం ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, మా ఇంట్లో ఒక్కొక్కరినీ తుడుచుకుంటూ పోయాయి. అత్తయ్య ఉన్నన్నాళ్ళూ ఆ బొట్టు జోలికి మాత్రం రాలేదు.