దుప్పటి మీద చుక్క లేదు

బాపుకు గుండెలో స్టెంట్ వేసింది తొడ దగ్గరి రక్తనాళంలోంచి. మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టర్ బయటికొచ్చి అంతా బాగా జరిగిందన్నాడు. కుడికాలు మడవనివ్వొద్దు, తొడ మీది పట్టీ తడిస్తే వెంటనే పిలవండి అన్నాడు. ఇంకేం, అమ్మా నేనూ ఆ పట్టీకి కాపలా కూర్చున్నాం. అది పొడిగానే ఉంది.

మధ్యాహ్నానికి బాపు నడుము నొస్తోందన్నాడు. కొత్తకోట చుట్టుపక్కల గొర్రెల వెంట తిరిగే మనిషి, పగలు వెల్లకిలా పడుకోవడం ఎరగడు.

"పండుకోని పండుకోని పట్టేసింది," అని అమ్మ నడుము కింద చెయ్యి దూర్చి రాసింది. నాకూ నిజమే అనిపించింది.

కాసేపటికి బాపుకు చెమటలు పట్టాయి. పెదాలు పాలిపోయాయి. నర్సు బీపీ చూసి పరుగెత్తింది. స్కానింగ్ చేశాక డాక్టర్ చెప్పాడు: తొడ దగ్గర గుచ్చిన నాళంలోంచే లోపల, పొట్ట వెనకాలకు నెత్తురు కారుతోంది, ఎప్పుడో ఎవరికో ఇలా అవుతుంది, వెంటనే రక్తం ఎక్కించకపోతే మనిషి దక్కడు.

నాకు బుర్ర తిరిగిపోయింది. పొద్దున నెత్తురు గడ్డకట్టొద్దని మందులిచ్చింది వీళ్ళే, ఇప్పుడు ఆగట్లేదంటున్నదీ వీళ్ళే. అమ్మ దుప్పటి ఎత్తి చూసింది. మంచం కింద వంగి చూసింది. మా ఇంట్లో పొట్టేలును కోస్తే నెత్తురు గిన్నెలో పట్టేది అమ్మే. చుక్క నేల పడనివ్వదు, దాన్నే నల్ల అని కూర వండుతుంది. నెత్తురు పోవడమంటే ఏమిటో ఆమెకు ఒకరు చెప్పాలా!

"నెత్తురు వోతే కనవడదా? దుప్పటి మీద సుక్క లేదు. వీళ్ళేందో చేస్తున్నరు. బండి పిలువు, ఇంటికి తీస్కవోదాం."

బాపు కళ్ళు తెరిచాడు. "నాకేం సమజైతలేదు బిడ్డా. నువ్వే సూడు."

నాకు మాత్రం ఏం సమజైంది? ఎవరి మాట నిజమో తెలియకుండానే, చల్లబడ్డ బాపు చెయ్యి పట్టుకుని "ఎక్కించండి సార్" అన్నాను. అమ్మ మొహం తిప్పుకుంది.

రక్తం ఎక్కించారు, కారేచోటు మూశారు. బాపు మెల్లగా తేరుకున్నాడు. అమ్మ మాత్రం నాతో మాట్లాడలేదు.

కొన్ని రోజులకు తడిగుడ్డతో బాపు ఒళ్ళు తుడుస్తూ ఆమె ఆగిపోయింది. నడుము పక్కన చర్మమంతా నేరేడు పండులా కమిలి ఉంది. అమ్మ దానిమీద అరచెయ్యి పెట్టింది. చాలలేదు. రెండో చెయ్యి కూడా పెట్టింది.

"గింత నెత్తురు గీడ వెట్టుకోని, నేను మంచం కింద ఎతుకుతాంటె సూస్కుంట పండుకున్నవా?" అని బాపును తిట్టి, భోరున ఏడ్చింది.

ఆ తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని నావైపు తిరిగింది.

"తిన్నవా?" అంది.