నేను పెట్టించిన సంతకాలు

అమెరికాలో, జార్జియాలోని కమ్మింగ్‌లో మంచం పట్టిన వృద్ధులను చూసుకునే నర్సింగ్ హోమ్ నడిపేవాణ్ణి. కదలలేని రోగులను, ఒంటికి పుండ్లు పడకుండా, రెండు గంటలకోసారి పక్కకు తిప్పి, చార్టులో సంతకం చేయాలి. మనుషులు చాలక చాలాసార్లు తిప్పేవాళ్లం కాదు. తనిఖీ రోజులు దగ్గరపడుతున్నాయని మా నర్సు మేరీతో, "ఖాళీలన్నీ నింపెయ్యక్కా" అన్నాను.

"చెయ్యని పనికి సైన్ ఎలా చేస్తాను తమ్ముడూ?"

"హోమ్ లైసెన్స్ పోతే అందరం రోడ్డున పడతాం."

నింపింది. తనిఖీకి వచ్చినావిడ ఒక పేజీ దగ్గర ఆగింది. సంతకాలున్న ఆ మూడు రోజులూ ఆ రోగి అసలు మా హోమ్‌లో లేదు, ఆసుపత్రిలో ఉంది. మేరీ నా వైపు చూసింది.

"నాకేం తెలియదు" అన్నాను.

ఆమె నర్సు లైసెన్స్ పోయింది. నా హోమ్ నిలిచింది.

మొన్న ఇండియన్ స్టోర్‌లో బిల్లు కౌంటర్ దగ్గర మేరీ నా సరుకులు సంచిలో సర్దుతూ, "బాగున్నావా తమ్ముడూ?" అంది. డబ్బు కట్టి, సంచి తీసుకుని బయటికి వచ్చేశాను. ఇప్పుడు ఇక్కడ రాసినంత మాత్రాన ఆమె ఉద్యోగం తిరిగి రాదు.