ఆముదంతో ఎగిరిన విమానం

ఈమధ్య ఆముదంలో కూడా గులాబీ వాసన కలుపుతున్నారు, ఎవరడిగారో తెలియదు. మొన్న మా ఆవిడ గానుగ ఆముదం తెప్పించింది. మూత తీయగానే నాకు మైపాడు సముద్రపొడ్డు ఇసుకలో మా అన్న బొమ్మ విమానం కనబడింది. దాని బుల్లి ఇంజనుకు అన్న ఆముదం, కిరసనాయిలు, ఈథరు కలిపి పోసేవాడు. ఎగరేసి చూపిస్తే విమానాల చదువుకు పంపుతానని నాయన మాటిచ్చాడు.

అన్న పిడి పట్టుకుని నిలబడితే, రెండు సన్నటి ఇనప తీగల చివర అది అతని చుట్టూ గిర్రున తిరిగింది. గాలిపటం శాస్త్రమొక్కటే తెలిసిన నేను, తీగ వదిలేకొద్దీ పైకి పోతుందనుకున్నాను. నాయన కూడా అలాగే అనుకున్నాడు.

“గానుగెద్దు మాదిరి తిరగతా ఉండాదే! తీగ పొడుగు పెట్టు.”

“ఇంజను చిన్నది నాయనా, లాగలేదు.”

“పెట్రా!”

అన్న దాన్ని దించి పొడుగు తీగలు కట్టాడు. ఈసారి విమానం బద్ధకంగా లేచింది. తీగలు సడలాయి, అన్న పిడి ఎటు వంచినా అది లెక్కచేయలేదు. సముద్రపు గాలి ఒక్క తోపు తోసేసరికి ముక్కు ఇసుకలో దిగింది.

ఆ తీగల బిగువే దాని కళ్లెమని నాకు కాలేజీలో గాని తెలియలేదు. నాయన మాత్రం అప్పుడే పంచె దులుపుకున్నాడు.

“మన కోడెదూడ మేలురా, పలుపు ఎంత పొడుగున్నా లాగతాది. పొద్దన్నే మడికి నీళ్లు పెట్టాల, పద.”