పడవలో బ్రేకు

ముప్ఫై ఏళ్ళు సిటీ బస్సు నడిపి, ఎవరి గోటికీ గాయం కానివ్వకుండా పదవీ విరమణ చేసిన ఆయనను డిపోలో ‘నిదానం’ అనేవారు. అది మెప్పా, వెక్కిరింతా అంటే రెండూ అని ఒప్పుకోవడమే న్యాయం. కూర్చుని కూర్చుని నడుము పట్టేసిన ఆ మనిషిని పడవ జట్టులోకి లాక్కొచ్చింది మరదలు. ఆమెది కళ్ళద్దాల దుకాణం. ఆదివారాలు నదిమీద పది తెడ్ల పడవకు వెనక నిలబడి చుక్కాని పట్టేది.

మొదట్లో ఆయన అరచేతులు బొబ్బలెక్కి, చొక్కా గుండీలు భార్య పెట్టవలసి వచ్చింది. కాని ఒక ఉదయం పది తెడ్లూ ఒకే చప్పుడుతో నీళ్ళలో దిగాయి. పడవ అడుగున నీళ్ళు గలగలమన్నాయి. బండి తనంతట తానే పోతున్నట్టూ, ఆ పోవడంలో తనకు పదో వంతు వాటా ఉన్నట్టూ అనిపించింది. ఇంటికొచ్చి భార్యకు ఆ సంగతి చెప్పిందే చెప్పాడు.

చిక్కు ఎక్కడంటే, సాఫీగా పోయే పడవ వంతెన స్తంభం దగ్గరికో, మరో పడవ పక్కకో రాగానే ఎవరో వెనక్కి లాగినట్టు మందగించేది. అందరి అనుమానం చుక్కాని మీదికే పోయింది. మరదలు మాటలు పడింది. కోచ్‌గా ఉన్న ఫిజియోథెరపిస్టు మాత్రం ఆధారం లేనిదే ఎవరినీ అనే మనిషి కాదు. చుక్కాని వేరొకరికి ఇచ్చి చూసింది, తేడా లేదు. నిదానం ముందు కూర్చునే, సెలూన్ నడిపే ఆయన సీటు మార్చి చూసింది, అప్పుడూ అంతే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడంటారు గాని, ఆ జట్టులో పది మందీ పొద్దస్తమానం భుజాలు తడుముకునేవారే. అందుకే దొంగ దొరకడం ఆలస్యమైంది.

చివరికి కోచ్ తానే నిదానం పక్కన కూర్చుని తెడ్డు అందుకుంది. వంతెన దగ్గరపడింది. ఆయన కుడిపాదం పడవ అడుగును తొక్కింది. ఆ వెంటనే తెడ్డు నీళ్ళలో అడ్డంగా నిలబడిపోయింది.

“డ్రైవర్ గారూ, మీరిప్పుడు బ్రేకు వేశారు.”

ఆయన కాదనబోయి, చేతిలో తెడ్డు చూసుకుని గబుక్కున పైకి తీశాడు.

“ఇన్నాళ్ళూ నా నెత్తినేశారు కదా బావగారూ,” అంది వెనకనుంచి మరదలు. “పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. మీది డిపోలో వచ్చిన బుద్ధే కదా, పింఛనుతోనైనా పోవద్దూ?”

పడవ ఊగేలా నవ్వారు. కోచ్ నవ్వలేదు. రాబోయే పడవ పందెంలో ఆరు పడవలు పక్కపక్కనే పోతాయనీ, అక్కడ బ్రేకు పడితే పది మంది కష్టం నీళ్ళపాలనీ, వచ్చే ఆదివారం సాధనలో మళ్ళీ పడితే ఆయన సీటు, జట్టులో ఖాళీ కోసం కాచుకున్న బేకరీ ఆయనకిస్తాననీ చెప్పింది. తీర్పులో అన్యాయం లేదు. కోపం తెచ్చుకునే దారి కూడా లేకపోయింది.

ఆ సాయంత్రం ఆయన దుకాణానికి వెళ్ళాడు. మరదలు ఎవరివో అద్దాలు తుడుస్తోంది.

“నీమీద నమ్మకం లేక కాదమ్మా. ఎదురుగా ఏదైనా కనిపిస్తే కాలు నన్నడగదు.”

“మరి చూడ్డమెందుకు? చూడ్డం నా డ్యూటీ. మీరు సెలూన్ ఆయన భుజం చూడండి. వంగితే వంగండి, లేస్తే లేవండి. మీ బస్సులో ప్యాసింజర్లు ఎవరైనా బ్రేకు వేశారా?”

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. “మీ అక్క వేసేది. ముందు సీట్లో కూర్చుని.”

ఆదివారం బేకరీ ఆయన గట్టున తయారుగా నిలబడ్డాడు. వంతెన దగ్గర నిదానం కాలు తొక్కనే తొక్కింది, చెయ్యి మాత్రం ఆగలేదు. కాలు ఎంత తొక్కినా తప్పులేదనీ, లాగేవాడికి అదే ఆసరా అనీ కోచ్ తేల్చింది. సీటు దక్కింది.

పందెంలో సగం దూరం పోయాక పక్క పడవ అదుపు తప్పి వీళ్ళమీదికి వచ్చింది. నీళ్ళు మొహాన కొట్టాయి. అవతలివాళ్ళ కేకలు చెవిలోనే వినిపించాయి. నిదానం సెలూన్ ఆయన భుజంమీద తడిసి అంటుకున్న చొక్కానే చూస్తూ లాగాడు. “కానివ్వండి బావగారూ, నేనున్నా,” అని వెనకనుంచి మామూలు గొంతుతోనే మాట వచ్చింది. ఆయన తల తిప్పలేదు.

నాలుగో స్థానం వచ్చింది. జట్టు మొదటి స్థానం వచ్చినంత గోల చేసింది. గట్టెక్కాక ఆయన మరదలిని పక్కకు పిలిచి, ఆ పడవ ఎంత దగ్గరికొచ్చిందని అడిగాడు. ఆమె చెయ్యి చాపి, బొటనవేలూ చిటికెనవేలూ విడదీసి చూపింది. ఆయన ఆ జానెడు వైపు చూసి, దగ్గరున్న మెట్టుమీద కూలబడ్డాడు. తరువాత, మళ్ళీ సాధన ఎప్పుడని కోచ్‌ను అడిగాడు.