యాభై దగ్గర ఆగిన ముల్లు

కిరండూల్ నుంచి భోపాలపట్నం వెళ్లేవారు దంతెవాడలోనే పెట్రోలు పోయించుకోండి. నేను పోయించుకోలేదు. లెక్కల మాస్టారిని కదా, ఏ వేగంలో కారు కిలోమీటరుకు ఎంత తాగుతుందో నెలల తరబడి చూసి గీత గీశాను. మరీ నెమ్మదిగా వెళ్లినా ఖర్చే, మరీ వేగంగా వెళ్లినా ఖర్చే. ఆ గీత వాలును చెప్పే అవకలజం కడితే గంటకు యాభై కిలోమీటర్ల దగ్గర సున్నా వచ్చింది. అంటే అక్కడే ఖర్చు అతి తక్కువ. ఉన్న పెట్రోలుతోనే భోపాలపట్నం చేరి, అక్కడి స్నేహితుడి ముందు గొప్పగా చెప్పుకోవాలని నా పంతం.

మధ్యాహ్నం పన్నెండుకు బయలుదేరాను. దంతెవాడ బస్టాండు దగ్గర పూరీ తిని కారెక్కుతుంటే లచ్చమ్మ అనే ఆవిడ వచ్చింది. హాస్టల్లో వంట చేస్తుందట, బస్సు తప్పిపోయిందట. భోపాలపట్నం దారిలోనే ఉన్న మద్దేడ్‌లో వాళ్లక్క పొద్దున పోయింది. పుట్టింటి బట్ట కప్పాకే మట్టి వేయడం వాళ్ల ఆనవాయితీ. పుట్టింటి వైపు మిగిలింది తనొక్కతే. ఒళ్లో కొత్త చీర పెట్టుకుని పక్క సీట్లో కూర్చుంది.

గీదం దాటాక రోడ్డు ఖాళీ. స్పీడోమీటరు ముల్లు యాభై మీదే ఉంచాను.

"మబ్బు వట్టింది సార్. వాన రాకముందే శవాన్ని తీస్తరు. కొంచెం జల్ది పోతదా?"

నేను నా గీత గురించి ఆమెకు పాఠం చెప్పాను. బీజాపూర్‌లో బంకు కనిపించినా ఆగలేదు గానీ, టీకి మాత్రం ఆగాను. ఆమె టీ ముట్టలేదు.

మద్దేడ్ చేరేసరికి ఐదు కావస్తోంది. వానకు భయపడి అప్పటికే పూడ్చేశారు. ఆలస్యమెందుకైందని ఒకాయన నన్ను నిలదీయబోతే లచ్చమ్మే అడ్డుపడింది.

"సార్‌ను ఏమనకుండ్రి. ఆయన బండి గంతే పోతది."

చీరను మట్టి మీద పరిచి, ఎగిరిపోకుండా అంచులకు రాళ్లు పెట్టింది.

భోపాలపట్నంలో కారాపినప్పుడు పెట్రోలు ఇంకా మిగిలే ఉంది. అప్పుడు తట్టింది. వాలు సున్నా అయిన చోట గీత దాదాపు చదునుగా ఉంటుంది. వేగం ఇంకో పది పెంచినా ఖర్చు పెద్దగా మారదు. ఏటా పిల్లలకు బోర్డు మీద గీసి చూపించే ముక్కే ఇది. స్నేహితుడికి ఏమీ చెప్పలేదు.

మర్నాడు ఎనిమిదింటికి టాంకు నింపుకుని తిరుగుముఖం పట్టాను. మద్దేడ్‌లో లచ్చమ్మ బస్సు కోసం నిలబడి ఉంది. కారాపి ఎక్కమన్నాను.

"వద్దు సార్, బస్సుకే పోత. వంట యాళ్లకు అందుకోవాలె."

ఆమె మాటలో కోపం లేదు. ఒక్కణ్నే కారు ముందుకు పోనిచ్చాను. కాసేపటికి వెనక నుంచి బస్సు హారన్ కొట్టింది. పక్కకు తప్పుకుని దారిచ్చాను. కిటికీ దగ్గర ఆమె కనిపించింది.